బేస్‌బాల్ గ్రౌండులో ముగ్గు

మొన్న ఈ బహ్రెయిన్‌లోనే హమద్ టౌన్‌లో ఒకావిడ జాకెట్లకు కొలతలు ఇస్తానంటే హూరా నుంచి బస్సెక్కాను. ఎప్పుడూ కుడివైపు సీటే చూసుకుంటాను. ఎడమవైపు కూర్చుంటే ఆ గ్రౌండు కనిపిస్తుంది. ఆ రోజు కుడివైపు ఖాళీ లేదు. మలుపు దగ్గర చూడకూడదనుకుంటూనే చూశాను. నాలుగు లైటు స్తంభాలూ ఇసుకలో పక్కపక్కనే పడుకోబెట్టి ఉన్నాయి. స్టాండు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. ఒక బుల్డోజరు సిమెంటు ముక్కలను ఒక మూలకు తోస్తోంది. నా పక్కన కూర్చున్న మలయాళీ ముసలాయన అటు చూసి "ఖలాస్" అని మళ్లీ ఫోన్లో మునిగిపోయాడు.

 నా చెయ్యి మాత్రం దానంతటదే సంచిలోకి పోయి సీపీఆర్ కార్డు, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, ఉందో లేదో తడుముకుంది. నాకు మనవరాలుంది. మనామాలో కుట్టుపని చేస్తూ, ఏటా సక్రమంగా వీసా వేయించుకుంటూ, అన్ని కాగితాలూ ఉన్న మనిషిని. అయినా ఆ గ్రౌండు చూస్తే నాకు ఇప్పటికీ తొమ్మిదేళ్లే. ఊపిరి తీస్తే ఎవరికైనా వినిపిస్తుందేమో అనిపిస్తుంది.

నేను పెరిగింది ఆ స్టాండు కిందే. కింద అంటే అక్షరాలా కింద. ఇనుప స్తంభాల మీద మెట్లుమెట్లుగా చెక్కలు బిగించి ఉండేవి. జనం ఆ చెక్కల మీద కూర్చుని ఆట చూసేవాళ్లు. చెక్కల కింద ప్లైవుడ్ ముక్కలు అడ్డం పెట్టి నాన్న ఒక గది చేశాడు. మా పైకప్పు ఒక తిరగేసిన మెట్లవరస. ఒక చివర నాన్న నిటారుగా నిలబడగలిగేవాడు, రెండో చివర నేను కూడా పాకాల్సి వచ్చేది. తలుపు వెనకవైపు ఎడారిలోకి ఉండేది. ఆ తలుపు కనబడకుండా ఎప్పుడూ రోడ్డు రోలరు ఆపి ఉంచేవాళ్లు.

నాన్న ఆ గ్రౌండు మనిషి. నీళ్లు పెట్టడం, మట్టి చదును చేయడం, ఆట ముందు సున్నంతో గీతలు గీయడం ఆయన డ్యూటీ. ఆయన కాగితాల్లో పెళ్లాం గానీ పిల్లగానీ ఈ దేశంలో ఉన్నట్టు లేదు. అమ్మ వేరే వీసా మీద ఒక ఇంట్లో పనికి వచ్చింది. ఇద్దరూ ఒకే దేశంలో ఉంటే చాలనుకున్నారట. ఆ ఇంటివాళ్లు రెండేళ్లలో నాలుగుసార్లే బయటికి వదిలారు. నేను కడుపులో పడ్డాక, ఒక మధ్యాహ్నం చెత్త పారేయడానికి వెళ్లి అమ్మ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన ఆ యజమాని దగ్గరే ఉండిపోయింది. అలా పారిపోయినవాళ్లను ఇక్కడ మనవాళ్లు కల్లివెల్లి అంటారు. హూరాలో ఒక గదిలో, మా రాజమండ్రి వైపు ఆవిడే పురుడు పోసిందట. ఆస్పత్రి లేదు కాబట్టి చీటీ లేదు. చీటీ లేదు కాబట్టి, కాగితం మీద నేను పుట్టలేదు.

అమ్మ భయం పట్టుబడటం గురించి కాదు. పట్టుబడితే జైల్లో పెట్టినా ఇంటికి పంపినా పడి ఉండటానికి ఆవిడ సిద్ధమే. ఆవిడను తినేసిన భయం వేరు. జుట్టు దువ్వుతూ నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

"నన్నంటే ఆళ్ల కాడున్న నా పాస్‌పోర్టు చూసి మనూరు తోలేత్తారే. నిన్నెవరి పిల్లవని రాత్తారు? నేను కన్నానంటే నమ్ముతారా? ఏదీ కాగితం అంటారు. నిన్నో చోట, నన్నో చోట పడేత్తారు. అందుకే చప్పుడు చెయ్యకూడదు. తెలిసిందా?"

తెలిసింది. ఎంతగా తెలిసిందంటే, నేను తుమ్మును కూడా మింగడం నేర్చుకున్నాను. ఇప్పటికీ తుమ్ము వస్తే ముక్కు పట్టుకుంటాను, కోడలు నవ్వుతుంది.

ఆ గ్రౌండు చరిత్ర నాకు చెప్పింది రోలరు తాత. ఉత్తర తెలంగాణ మనిషి. నాన్నతో పాటు గ్రౌండులో పని చేసేవాడు, రోలరు ఆయనే నడిపేవాడు. ఆయనకు గల్ఫంతా దుబాయే. బహ్రెయిన్‌లో కూర్చుని "దుబాయిల ఎండలు గిట్లనే ఉంటయ్" అనేవాడు. మేమున్న సంగతి నాన్న తర్వాత తెలిసింది ఈ భూమ్మీద ఆయనొక్కడికే. డ్యూటీ అయ్యాక రోలరు నీడలో కూర్చుని, తలుపు సందులోంచి నాతో మాట్లాడేవాడు. ఎవరైనా చూస్తే ముసలాయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడు అనుకోవాలి.

"నేనొచ్చిన కొత్తల గీడ గడ్డే లేదు బిడ్డా. అంత ఇసుకనే. నూనె కంపిని దొరలు అమెరికాల ఆడే ఆట గీడ ఆడాలన్నరు. ఇసుక లేస్తాందని నల్ల నూనె తెచ్చి చల్లిచ్చిన్రు. పది డ్రమ్ములు. మేం చెప్పుల్లేక నడుస్తుంటే అరికాళ్లు బుగ్గలు లేసేటియి. గా నూనె వాసన నా అంగిల ఇంకా ఉన్నది, సూడు."

చూడమని చొక్కా అంచు సందులోంచి తోసేవాడు. నిజంగానే కిరసనాయిలుకూ తారుకూ మధ్య ఏదో వాసన.

"మొదలు రెండే బెంచీలు. తర్వాత ఈ ఇనుప స్టాండొచ్చె. ఎనక వల కట్టిన్రు, బంతి జనం మీద పడొద్దని. రేకుల మీద నంబర్లు రాసి మేకులకు తగిలించే బోర్డు ఉండె. గది నేనే తగిలిచ్చేది. అది ఏ నంబరో నాకు ఎరుకనే లేదు, దొర వేలు చూపిస్తే ఆ రేకు పెట్టుడే. ఇగ గడ్డొచ్చె. మోరీ నీళ్లు పెట్టి పెంచిన్రు. దొరలు ఆ గడ్డి మీద బోర్ల పండి ఫొటోలు దిగేది, మేం నవ్వి సచ్చేది."

"ఆట ఎలా ఆడతారు తాతా?" అని నేను గుసగుసగా అడిగేదాన్ని. నెలకు నాలుగు ఆటలు నా నెత్తి మీదే జరిగినా నాకు కనిపించేవి చెప్పులే.

"మన చిర్రగోనె లెక్కనే. కాకపోతే కొట్టినంక ఉరకాలె. నాలుగు మూలలు తిరిగి బయలెల్లిన కాడికే రావాలె. గంత ఉరికి ఏం లాభమో వాళ్లకే ఎరుక."

ఆటరోజు మాకు పండగ కాదు, గండం. పొద్దున్నే అమ్మ స్టవ్వు ఆర్పేసేది. ఆ రోజు తాలింపు లేదు, చద్దన్నంలో పెరుగు, మాగాయ టెంక, అంతే. చాప మీద పడుకుని కదలకూడదు. మధ్యాహ్నం కార్లు రావడం మొదలయ్యాక చెక్కలు ఒక్కొక్కటే కిర్రుమనేవి. వెలుగుచారలు ఒక్కొక్కటే ఆరిపోయేవి, ఎవరో ఒకరు కూర్చోవడం వల్ల. పైనుంచి మాంసం కాల్చిన పొగ, కాఫీ, ఏదో తియ్యటి సబ్బు వాసన కిందికి దిగేవి. వేరుశనగ తొక్కలు, మొక్కజొన్న పేలాలు సందుల్లోంచి రాలేవి. నేను ఒక్కొక్కటే ఏరుకుని, నమిలితే చప్పుడవుతుందని నోట్లో నానబెట్టుకుని తినేదాన్ని. కొట్టినవాడి కర్ర టప్పుమన్నప్పుడు అందరూ ఒక్కసారి లేచి తొక్కితే మా గది మొత్తం దడదడలాడి, మట్టి మా అన్నంలో పడేది. అమ్మ కంచానికి పైట అడ్డం పెట్టేది.

నేనూ తక్కువ తినలేదు. ఒకసారి ఎర్ర సాక్సులాయన మడమ సరిగ్గా నా ముఖానికి జానెడు పైన ఆగింది. చీపురు పుల్ల తీసి సందులోంచి గీకాను. ఆయన దోమ అనుకుని కొట్టుకున్నాడు. మళ్లీ గీకాను. మళ్లీ కొట్టుకున్నాడు. మూడోసారి గీకేసరికి కాలు పక్కకు జరిగింది, ఆ సందులోకి ఒక కన్ను వచ్చింది. నీలంగా ఉంది. రెప్ప వేయలేదు.  అమ్మ నా మొహం మీద పడి తన నల్ల కొంగుతో కప్పేసింది. ఆ కన్ను ఎంతసేపు ఉందో మాకు తెలీదు. ఆట అయిపోయి అందరూ వెళ్లాక కూడా మేం అలాగే ఉన్నాం. తర్వాత పదిహేను రోజులు ప్రతి కారు చప్పుడుకీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఆవిడ వేళ్ల ముద్రలు నా మణికట్టు మీద పడేవి. ఎవరూ రాలేదు. ఆయన చీకట్లో ఏమీ చూసి ఉండడు. కానీ ఆ మాట మాకెవరు చెప్తారు?

ఇంకోసారి తప్పు నాన్నది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, నోరు చప్పగా ఉంది అంది. మనామా సూక్‌లో ఎండు రొయ్యలు దొరికాయని ఆయన మురిసిపోయి తెచ్చి, వంకాయలో వేసి వండాడు. ఆ రోజు ఆట లేదు గానీ, దొరసానులు నలుగురు స్టాండు మీద కూర్చుని కబుర్లాడుకోవడానికి వచ్చారు. వాసన సందుల్లోంచి పైకి లేచింది. వాళ్లు ముక్కులు మూసుకుని వెళ్లి, స్టాండు కింద ఏదో చచ్చిందని చెప్పారు. సాయంత్రంలోగా వెతికి తీయమని ఆర్డరొచ్చింది. నాన్న వెతుకుతున్నట్టు స్టాండు చుట్టూ తిరిగాడు. తాత మాత్రం సైకిలేసుకుని ఎక్కడికో పోయి, గంటకల్లా పందికొక్కంత ఎలుకను తోక పట్టుకుని తెచ్చి ఆఫీసు మెట్ల మీద పెట్టాడు.

"ఇగో, గిదే సచ్చింది" అన్నాడట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ నవ్వింది. అమ్మ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ఆ నవ్వుకు చప్పుడుండేది కాదు. తాతకు వంకాయ రొయ్యల కూర గిన్నెలో పెట్టి తలుపు సందులోంచి అందించింది. ఆయన వేళ్లు నాకుతూ, "సచ్చిన ఎలక మస్తు రుచిగున్నది బిడ్డా" అన్నాడు.

తాతకు ఇంటి దగ్గర ఎవరున్నారని ఒకసారి అమ్మ అడిగింది. "ఎవ్వలున్నరు? మా ఆమె పోయి ఆరేండ్లాయె. సెలవు అడిగితే అప్పుడు ఏదో టోర్నమెంటు, దొర ఇయ్యలె. దినాలు అయినంక పోయి ఏం జేస్త అని మానుకున్న. అక్కడ ఇల్లు గూడ కూలిపోయినట్టుంది. ఇగ నాకు గీ మట్టే ఇల్లు. కాళ్లాడినన్ని దినాలు గీన్నే ఉంట" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఆయన ఆ గ్రౌండు వదిలి బతకలేడని తొమ్మిదేళ్లదాన్ని నాకూ తెలుసు.

ఇక ముగ్గు సంగతికి వస్తాను. చెప్పకుండా ఎన్నాళ్లు దాటేస్తాను?

నేను వాకిలి ఎప్పుడూ చూడలేదు. అమ్మ చెప్తేనే తెలుసు. తెల్లారకముందే లేచి ఊడ్చి, పేడనీళ్లు కళ్లాపి చల్లి, తడి ఆరకముందే ముగ్గు పెట్టాలట. ధనుర్మాసం వస్తే వీధివీధంతా పోటీ పడేవాళ్లట. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, ఎవరూ రాని రోజుల్లో, గది నేల మీద వేలితో నీళ్లతో నాకు నేర్పించేది. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు. నీటి ముగ్గు చూస్తుండగానే ఆరిపోయేది. మళ్లీ వేసేదాన్ని. నాకు ఆడుకోవడానికి ఇంకేం ఉంది కనుక.

ఆ ఏడాది చలికాలంలో పెద్ద ఆట ఒకటి పెట్టారు. ఎక్కడెక్కణ్నుంచో అతిథులు వస్తున్నారని స్టాండుకు రంగులు వేశారు. బ్యాటు పట్టుకునేవాడు నిలబడే చోటు చుట్టూ వేయడానికి ఎర్రమట్టి బస్తాలు ఓడలో తెప్పించారు. తాత రెండు రోజులు ఆ మట్టిని రోలరుతో తొక్కించి తొక్కించి గచ్చులా చేశాడు. ఆట రోజు తెల్లవారకముందే నాన్న దానిమీద సన్నగా నీళ్లు చిలకరించి, సున్నపు బస్తా అక్కడే పెట్టి, గేటు తాళం తీయడానికి వెళ్లాడు.

మాకు బయటికి వెళ్లడానికి ఉన్న వేళ అదొక్కటే. వెలుగు రాకముందు, పది నిమిషాలు. అమ్మ వెనకవైపు బకెట్టు పారబోస్తోంది. నేను స్టాండు చుట్టూ తిరిగి ముందుకొచ్చాను. మంచు పట్టి ఉంది. ఎదురుగా ఎర్రగా, నున్నగా, తడిగా నేల. పక్కనే తెల్లటి పొడి. అమ్మ చెప్పిన వాకిలి ఇదే అనుకున్నాను. నాకు మరో ఆలోచనే రాలేదు. మన వాకిలి, ధనుర్మాసం, ఇంకా ముగ్గు పడలేదు. అంతే.

సున్నం వేళ్ల సందుల్లో మండింది. చుక్కలు పెట్టాను, కలిపాను. తడి మట్టి మీద గీత ఎంత తెల్లగా పడిందో. నీళ్ల ముగ్గుల్లా ఆరిపోలేదు. చుట్టూ లతలు కూడా తిప్పాను. నా జన్మలో అంత సంతోషం అంతకుముందు లేదు. తలెత్తేసరికి తెల్లారిపోయింది. గేటు దగ్గర కారు హెడ్‌లైట్లు.

ఎలా పరిగెత్తానో తెలీదు. గదిలో పడ్డాక నా తెల్లటి చేతులు చూసి అమ్మకు అర్థమైంది. తిట్టలేదు, కొట్టలేదు. నా చేతులు తన చీరకు వేసి రుద్దుతూనే ఉంది. ఇద్దరం ముందువైపు చెక్కల సందుకు కళ్లు ఆనించాం.

కారులోంచి దొర, ఫోర్‌మన్ దిగారు. ఫోర్‌మన్ మనవాడే, నెల్లూరు వైపు మనిషి, మాట కటువు. దొర ముగ్గు దగ్గర ఆగిపోయాడు. మొదట నవ్వబోయినట్టున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. నాన్ననూ తాతనూ పిలిచారు. దొర ఇంగ్లీషులో ఏదో గట్టిగా చెప్తుంటే ఫోర్‌మన్ తెలుగులో చెప్పాడు.

"బయటివాళ్లు లోపల దూరారంటున్నాడు. పెద్దపెద్దవాళ్లు వచ్చే రోజు ఇది. పోలీసులకు ఫోన్ చెయ్యమంటున్నాడు. స్టాండు కిందంతా విప్పి వెతకమంటున్నాడు. ఏమయ్యా, ఎవరొచ్చారు లోపలికి?"

అమ్మ నా భుజం పట్టుకుంది.  అమ్మను ఒక జీపులో, నన్ను ఇంకో జీపులో ఎక్కిస్తున్నట్టు కళ్లకు కట్టింది. నేను కాదు, నేను పుట్టనే లేదు అని లోపల్లోపల అనుకుంటున్నాను.

నాన్న నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో దేవుడికి తెలుసు. అప్పుడు తాత పక్కనుంచి ఆయన కాలు తొక్కడం నేను చూశాను. చెప్పులకాలితో, గట్టిగా.

"నేనే ఏసిన" అన్నాడు తాత.

ఫోర్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వా? ముగ్గా?"

"అవు. పెద్దాట కదా, మంచిగ జరగాలని ఏసిన. ఇంటికాడ ఏస్తరు గద."

"మగాడివి, నీకు ముగ్గు ఎక్కడిది? ఆడమనిషి చెయ్యి ఇది, నాకు తెలీదా? సరే, వెయ్యి చూద్దాం. ఇక్కడే, ఇప్పుడే."

తాత పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. సున్నంలో చెయ్యి పెట్టాడు. రోలరు చక్రం తిప్పి తిప్పి బిరుసెక్కిన వేళ్లవి. మొదటి గీత వంకరపోయింది. నా పక్కన అమ్మ పెదాలు కదుపుతోంది, ఏడు చుక్కలు, సందు చుక్క అని, ఆయనకు వినిపిస్తుందన్నట్టు. ఆయన చుక్కలు పెట్టలేదు. నాలుగు మూలలు గీసి, ఒక్కో మూలకూ రెండేసి గీతలు లాగి, నడుమ ఒక తామర లాంటిది తిప్పాడు. నాకు తెలీని ముగ్గు, అమ్మకూ తెలీని ముగ్గు. గీసేకొద్దీ చెయ్యి కుదురుకుంది. చివరికి ఎక్కడా ఆగకుండా గీశాడు.

"ఎక్కడ నేర్చావు?" అన్నాడు ఫోర్‌మన్. గొంతు కొంచెం తగ్గింది.

"మా ఆమె ఏసేది సారూ. సెలవుకు పోయినప్పుడల్ల పొద్దుగాల లేసి అరుగు మీద కూసొని సూసేటోన్ని. రెండు నెల్ల సెలవుల నాకింకేం పని."

ఫోర్‌మన్ ఆ ముగ్గు చూశాడు, నా ముగ్గు చూశాడు. చుక్కల ముగ్గు ఒకటి, గీతల ముగ్గు ఒకటి. ఒకటి చిన్న వేళ్లది, ఒకటి మొద్దు వేళ్లది. చంటిపిల్లను అడిగినా చెప్తుంది రెండూ ఒక చేతివి కావని. ఆయన స్టాండు వైపు తిరిగాడు. ఆ చూపు మా చెక్కల మీద నిలబడింది. నేను కళ్లు మూసుకున్నాను, అలా మూసుకుంటే ఆయనకు కనబడనేమో అని.

తర్వాత ఆయన దొరతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. దొర చెయ్యి విసిరి ఒక్క మాటన్నాడు, కారు వైపు నడిచాడు. ఫోర్‌మన్ తాత దగ్గరికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు. నాన్న తర్వాత ఆ మాటలు అమ్మకు చెప్తుంటే విన్నాను.

"వెతకొద్దని చెప్పాను. కానీ ఆట రోజు గ్రౌండు పాడుచేశావు గనక నిన్ను పంపించెయ్యమన్నాడు. నేనింక ఏమీ అడగను. నువ్వూ అడిగించుకోకు."

తాత తల ఊపాడట. చేతికున్న సున్నం దులుపుకుని, రోలరెక్కి, రెండు ముగ్గుల మీదా ఆయనే తొక్కించాడు. మధ్యాహ్నం ఆట బాగా జరిగిందని చెప్పుకున్నారు. మా నెత్తి మీద ఎన్నిసార్లు లేచి తొక్కారో లెక్కలేదు.

నాన్న ఆ తర్వాత ఆ ముచ్చట ఎప్పుడూ ఎత్తలేదు. తాత పేరు వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. మరో రెండేళ్లకు క్షమాభిక్ష ప్రకటించారు. కాగితాలు లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లొచ్చన్నారు. ఎంబసీ బయట ఎండలో నిలబడి ఔట్‌పాస్ తీసుకున్నాం. ఆ కాగితం మీద అమ్మ పక్కన నా ఫొటో అంటించి, కూతురు అని రాశారు. అమ్మ ఆ మాటను వేలితో ఎన్నిసార్లు తడిమిందో. తాత ఊరి పేరు మాత్రం మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆయన చెప్పింది మండలం పేరో ఊరి పేరో అని నాన్న పడవంత పెద్ద మ్యాపు తెచ్చి వెతికాడు, దొరకలేదు.

నేను పెళ్లయ్యాక వీసా మీద మళ్లీ వచ్చేసరికి చెక్కల స్టాండు పోయి సిమెంటుది వచ్చింది. రేకు నంబర్ల బోర్డు పోయి బల్బుల బోర్డు వచ్చింది. కొన్నాళ్లకు దొరలు తగ్గారు, ఆట తగ్గింది. ఆ ఎర్రమట్టి తీసేసి మధ్యలో సిమెంటు పట్టీ పోసి, శుక్రవారాలు క్యాంపుల కుర్రాళ్లు క్రికెట్ ఆడుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు బస్సులు నిలిపారు. ఇప్పుడు అదీ లేదు. అక్కడ ఏం కడతారో నాకు తెలీదు, అడగాలని లేదు. ఆ నేల చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఒక్క మధ్యాహ్నమే.

ముగ్గు పడిన నాలుగో రోజు. తాతను విమానం దగ్గరికి తీసుకెళ్లడానికి కారు వచ్చింది. డ్రైవరు ఒక పఠాను భాయ్, తెలుగు రాదు, కానీ చెవులున్న మనిషి. అందుకని మేం బయటికి రావడానికి లేదు. నాన్నను ఆ పూట వేరే పనికి పంపారు. తాత చేతిసంచి డిక్కీలో పెట్టి, తువాలు మరిచిపోయానని డ్రైవరుకు సైగ చేసి, స్టాండు ఎక్కాడు. అడుగులు ఒక్కో చెక్కా ఎక్కుతూ, సరిగ్గా నా తల మీదికొచ్చి ఆగాయి. కూర్చున్నాడు. వెలుగుచార ఆరిపోయింది.

"బిడ్డా, నేను పోతున్న" అన్నాడు, గ్రౌండును చూస్తూ మాట్లాడినట్టు. "నువ్వు భయపడకు. మీయమ్మ మాట ఇను. ముగ్గు మస్తు ఏసినవ్. దానిమీద రోలరు తోలుతుంటే నా పానం ఒప్పలే."

 దూరంగా డ్రైవరు పదపదమని యల్లా యల్లా అంటూ కేకేస్తున్నాడు. తాత లేవలేదు. ఆయన దేనికోసం ఆగాడో నాకు తెలుసు. నా చెయ్యి చెక్కకు ఆనించే ఉంది. ఒక్కసారి తడితే చాలు. చెక్కలు ఎండకు ఎప్పుడూ టక్కుమంటూనే ఉంటాయి, డ్రైవరు ఏమీ అనుకోడు.

అమ్మ నన్ను ఆపలేదు. పైగా నా మోచెయ్యి పొడిచి, "తట్టవే, ఒక్కసారి తట్టు, పాపం ఎళ్లిపోతన్నాడు" అంది.

తట్టలేకపోయాను. చప్పుడు చెయ్యకూడదని పుట్టినప్పటి నుంచి నేర్పారు, నేను బాగా నేర్చుకున్నాను. అమ్మ మళ్లీ పొడిచింది. నా వేళ్లు బిగుసుకుపోయాయి. ఆయన ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత చెక్క మీది బరువు లేవడం నా అరచేతికి తెలిసింది.